వుల్ఫెన్‌స్టీన్ త్రీడీకి మూలం ఏ ఆట, దాన్ని ఎలా నిర్ధారించుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1983 నుంచి 1985 వరకు అమెరికాలో చదువుకున్న మీ పెదనాన్నగారు, మీరు పాత లాప్‌టాప్ మీద వుల్ఫెన్‌స్టీన్ త్రీడీ (ఆడేవాడి కళ్లతో కోట లోపలిని చూస్తూ నాజీ సైనికులను కాల్చే ఆట) ఆడుతుంటే చూసి, ఈ ఆటను తాను అక్కడ యాపిల్ కంప్యూటర్ మీద ఎప్పుడో ఆడానని, కాకపోతే అప్పట్లో గదులు పైనుంచి కనిపించేవని, సైనికులు జర్మన్ భాషలో అరిచేవారని చెప్పారు. 1992లో విడుదలైన ఆటను అంతకు ఏడెనిమిదేళ్ల ముందే ఆయన ఎలా ఆడి ఉంటారన్నది మీ మొదటి సందేహం. అలాంటి పాత ఆట నిజంగా ఉంటే, కొత్త ఆటకు అదే స్ఫూర్తి అని దేన్ని బట్టి చెప్పాలన్నది రెండోది.

సూటిగా చెప్పాలంటే, ఆయన జ్ఞాపకం సరైనదే. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఉన్న మ్యూజ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 1981లో యాపిల్ టూ కంప్యూటర్ కోసం కాజిల్ వుల్ఫెన్‌స్టీన్ అనే ఆటను విడుదల చేసింది. దాన్ని రాసినవారు సైలస్ వార్నర్. దానికి కొనసాగింపుగా బియాండ్ కాజిల్ వుల్ఫెన్‌స్టీన్ 1984లో వచ్చింది. మీ పెదనాన్నగారు ఆడింది ఈ రెండింటిలో ఒకటై ఉండాలి. ఏదో తేల్చుకోవడానికి ఆయన్ను ఏమి అడగాలో చివర్లో చెబుతాను. ఐడీ సాఫ్ట్‌వేర్ బృందం 1992 మే 5న విడుదల చేసిన వుల్ఫెన్‌స్టీన్ త్రీడీకి పేరు, కోట, ఖైదు, నాజీ కాపలావాళ్లు, ఆ కేకలు, అన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి. అయితే ఆ ఆటను తెరమీద నడిపించే యంత్రాంగం మాత్రం వేరే వంశానికి చెందింది. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే ఈ విషయంలో ఎక్కువమంది పొరబడతారు.

వృత్తిరీత్యా నేను ఎంబెడెడ్ ప్రోగ్రామర్ని, అంటే యంత్రాల లోపలి చిప్‌లకు ప్రోగ్రాములు రాసేవాణ్ని. పాత కంప్యూటర్లనూ వాటి ఆటలనూ సేకరించి, బాగుచేసి, నడిపించి చూడటం ఇరవై ఏళ్లుగా నాకున్న వ్యసనం. అయినా ఈ రెండు ఆటల మధ్య చుట్టరికం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, దానికి కారణం కూడా చెప్పుకోదగినదే. 1994లో విజయవాడలో నేను కంప్యూటర్ నేర్చుకున్న శిక్షణ కేంద్రంలోని 386 చిప్ ఉన్న పీసీలకు సౌండ్ కార్డులు ఉండేవి కావు. వుల్ఫెన్‌స్టీన్ త్రీడీలో రికార్డు చేసిన గొంతులు వినబడాలంటే సౌండ్ బ్లాస్టర్ లాంటి కార్డు ఉండాలి. అది లేకపోతే కంప్యూటర్ పెట్టెలో ఉండే చిన్న స్పీకరు కీచుకీచుమంటుందే తప్ప మాట పలకదు. అందువల్ల ఆ ఆటలో సైనికులు మాట్లాడతారన్న సంగతే నాకు పదేళ్లపాటు తెలియలేదు. మధ్యలో ఒక పెద్దాయన "ఇలాంటి ఆటే ఒకటి ఉండేది, అందులో వాళ్లు హాల్ట్ అని అరిచేవాళ్లు" అని చెప్పినా, ఆ మాటను దీనితో ముడిపెట్టుకోలేకపోయాను. చేతిలో ఉన్న ఆధారాన్ని వినిపించని యంత్రం మీద వెతికితే ఇలాగే అవుతుంది.

ఇక 1981 నాటి ఆట విషయానికి వస్తే, దాన్ని మీరు మొదటిసారి తెరిచినప్పుడు, ఇది త్రీడీకి తాతగారని నమ్మడం కష్టం. తెరమీద ఒక్క గది ఉంటుంది, గోడలు ఇటుకల నమూనాలో గీసి ఉంటాయి, మనిషి అరచేతిలో పట్టేంత బొమ్మ. మీరు కోటలో ఖైదీ. చనిపోతున్న తోటి ఖైదీ ఒకడు మీ చేతికి పిస్తోలు, కొన్ని తూటాలు ఇచ్చి కన్నుమూస్తాడు. రహస్య యుద్ధ ప్రణాళికలను వెతికి పట్టుకుని, ప్రాణాలతో బయటపడాలి. తూటాలు చాలా తక్కువ కాబట్టి కాల్చుకుంటూ పోవడం కుదరదు. కాపలావాడి మీదికి తుపాకీ గురిపెడితే అతడు చేతులు పైకెత్తుతాడు, అప్పుడు అతని జేబులు వెతికి తూటాలు, తాళాలు తీసుకోవచ్చు. ఎక్కడైనా యూనిఫాం దొరికితే తొడుక్కుని మామూలు కాపలావాళ్ల ముందు నుంచే నడిచి వెళ్లవచ్చు, కానీ ఎస్సెస్ సైనికులు (నాజీల ప్రత్యేక దళంవాళ్లు) ఆ వేషానికి మోసపోరు. వాళ్లు తూటాలు తగలని కవచాలు తొడుక్కుని ఉంటారు, ఒక గదిలోంచి మరో గదిలోకి వెంటాడతారు. గదుల్లో తాళం వేసిన పెట్టెలుంటాయి. తాళం తీస్తుంటే అంకెలు ఒక్కొక్కటిగా తగ్గుతూ పోతాయి, ఆ సమయమంతా మీరు గోడవైపు తిరిగి నిలబడి ఎవరైనా వస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ ఉండాలి. తీరా పెట్టె తెరుచుకుంటే లోపల సాసేజీలు ఉండవచ్చు. ఓపిక లేక పెట్టెను తుపాకీతో కాల్చి తెరుద్దామనుకుంటే, అందులో పేలుడు సామగ్రి ఉంటే ఆట అక్కడితో సరి.

ఆ కేకల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ పెదనాన్నగారికి నలభై ఏళ్ల తర్వాత కూడా గుర్తున్నది అదే. యాపిల్ టూలో శబ్దం కోసం ప్రత్యేకమైన చిప్ ఏదీ లేదు. ఒకే ఒక చిన్న స్పీకరు, దానికి తెలిసింది లోపలికి పోవడం, బయటికి రావడం మాత్రమే. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పీక్ మైనస్ 16336 అని కొడితే అది ఒక్కసారి టిక్కుమంటుంది. సుమారు ఒక మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసర్ ఈ టిక్కులను సరిగ్గా లెక్కపెట్టుకుంటూ వేలకొద్దీ కొట్టిస్తే, వాటిలోంచి మనిషి గొంతు లాంటిది పుడుతుంది. మ్యూజ్ సంస్థ అంతకుముందే ద వాయిస్ అనే ప్రోగ్రామ్‌ను అమ్మింది, కాబట్టి ఈ విద్య వాళ్లకు కొత్తకాదు. ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్‌లో) ఆడేటప్పుడు ఆ "హాల్ట్!" వింటే రేకు డబ్బా లోంచి వచ్చిన బొంగురు గొంతులా ఉంటుంది. కానీ 1981లో ఇంట్లో ఉండే కంప్యూటర్ ఉన్నట్టుండి మనిషి గొంతుతో గద్దించడం ఎంత భయపెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్రాసెసర్ మొత్తం ఆ పనిలోనే మునిగిపోతుంది కనుక, కేక వినిపించేంతసేపు ఆటలో మిగతాదంతా నిలిచిపోతుంది. ఆ ఆగిపోవడం కూడా భయంలో ఒక భాగమేనని నాకు అనిపిస్తుంది.

వార్నర్‌కు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసిన విషయమే. ఆయన ఇండియానా విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు ప్లేటో అనే సామూహిక కంప్యూటర్ వ్యవస్థ మీద ఆటలు రాసిన మనిషి. స్టెర్న్ సంస్థ 1980లో తెచ్చిన బెర్జెర్క్ అనే ఆర్కేడ్ యంత్రం ఆయన్ను ఆకట్టుకుంది: గదుల చిట్టడవి, కాల్చే రోబోలు, పైగా ఆ యంత్రం మాట్లాడుతుంది. ఆ గదుల్లో రోబోలకు బదులు నాజీ సైనికులను పెట్టాలన్న ఊహ 1961 నాటి ద గన్స్ ఆఫ్ నవరోన్ సినిమా చూడటంతో ఆయనకు కలిగింది. ఇక్కడ నేను సొంతంగా గమనించిన ఒక గుర్తు చెబుతాను. బెర్జెర్క్‌లో గోడను తాకితే విద్యుదాఘాతంతో చచ్చిపోతారు. కాజిల్ వుల్ఫెన్‌స్టీన్‌లో గోడకు గుద్దుకుంటే చావరు కానీ, తెర చెదిరిపోయి, గరగరమని పెద్ద శబ్దం వచ్చి, మీ మనిషి కాసేపు దిమ్మెరపోయి నిలబడతాడు. మామూలు రాతి గోడకు మనిషి తగిలితే ఇంత హంగామా అవసరం లేదు. బెర్జెర్క్‌లోని కరెంటు గోడ కాజిల్ వుల్ఫెన్‌స్టీన్‌లో రాతి గోడగా మారినా దాని షాకు మాత్రం మిగిలిపోయిందని నా అభిప్రాయం. ఒక ఆట మరో ఆట నుంచి పుట్టిందని పసిగట్టాలంటే కథకు అవసరం లేకపోయినా మిగిలిపోయిన ఇలాంటి అతుకులనే వెతకాలి.

ఇదే పద్ధతికి మరో పేరున్న ఉదాహరణ అంతరిక్ష షూటర్లలో, అంటే అంతరిక్షంలో జరిగే కాల్పుల ఆటల్లో, దొరుకుతుంది. 1962లో ఎంఐటీలో పీడీపీ-1 యంత్రం మీద తయారైన స్పేస్‌వార్‌లో, ప్రమాదంలో పడిన ఓడ హైపర్‌స్పేస్ మీట నొక్కి మాయమై మరోచోట తేలే వీలుంది. 1979లో అటారీ తెచ్చిన ఆస్టెరాయిడ్స్‌లో శత్రువులు వేరు, లక్ష్యం వేరు, కానీ ఆ మీట అలాగే ఉంది, తిప్పడం, తోయడం, కాల్చడం అనే మూడు కదలికలూ అలాగే ఉన్నాయి. అలాంటి మీటను ఇద్దరు వేర్వేరుగా కనిపెట్టడం అసాధ్యమని అనను. కానీ మిగతా గుర్తులతో కలిపి చూస్తే అది పుట్టుమచ్చ లాంటిది.

మళ్లీ మన కోటకు వద్దాం. 1981 నాటి ఆట 1991లో లూజియానా నుంచి విస్కాన్సిన్‌కు మారిన నలుగురైదుగురు కుర్రాళ్ల చేతిలోకి ఎలా వచ్చింది? ఎవరైనా నన్ను ఒక ఆట మూలం వెతికిపెట్టమంటే నేను మొదట చూసేది, దాన్ని చేసినవారికి పద్నాలుగేళ్ల వయసులో ఏ కంప్యూటర్ అందుబాటులో ఉంది అన్నది. వుల్ఫెన్‌స్టీన్ త్రీడీని చేసినవారిలో ఒకరైన జాన్ రొమెరో 1967లో పుట్టారు, అంటే కాజిల్ వుల్ఫెన్‌స్టీన్ వచ్చినప్పుడు ఆయనకు దాదాపు పద్నాలుగేళ్లు. ఆయన ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది, మొదటి ఆటలను పత్రికల్లో అచ్చువేయించుకున్నది యాపిల్ టూ మీదే. జాన్ కార్మాక్, టామ్ హాల్ కూడా యాపిల్ టూ మీద పనిచేసి వచ్చినవాళ్లే. వీళ్లంతా కలిసింది లూజియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో, నెలనెలా డిస్కు మీద పత్రిక అమ్మే సాఫ్ట్‌డిస్క్ అనే సంస్థలో. తర్వాత ఐడీ సాఫ్ట్‌వేర్‌గా విడిపోయి, 1991 నవంబరులో కాటకోంబ్ త్రీడీ ముగించాక, తర్వాతి ఆట ఏమిటని ఆలోచిస్తున్నప్పుడు, పరిశోధనశాలలో పుట్టిన వికృత జీవులతో పోరాడే కథను హాల్ ప్రతిపాదించారు. అది మిగతావాళ్లకు రుచించలేదు. అప్పుడు రొమెరో కాజిల్ వుల్ఫెన్‌స్టీన్‌ను త్రీడీలో తీద్దామన్నారు, అందరూ వెంటనే ఒప్పుకున్నారు. అందరికీ చిన్నప్పటి ఆట కనుక ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

ఇంతవరకు చెప్పింది చేసినవారే పలు సందర్భాల్లో బయటపెట్టిన కథనం. ఇలాంటి కథనాలు విలువైనవే అయినా, ఆట హిట్టయ్యాక చెప్పుకునే జ్ఞాపకాల్లో అలంకారం చేరుతుంది కాబట్టి, నేను వాటి మీదే ఆధారపడను. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం, కొత్త ఆటలో ఉన్నది కాదు, పెట్టి చూసి తీసేసినది. వుల్ఫెన్‌స్టీన్ త్రీడీ తొలి రూపాల్లో చచ్చిన సైనికుల శవాలను లాగి దాచడం, వాళ్ల జేబులు వెతకడం, యూనిఫాం మార్చుకోవడం, చప్పుడు కాకుండా దాడి చేయడం వంటివన్నీ ఉండేవి. ఇవి ఒక్కొక్కటీ 1981 నాటి ఆట జాబితాలోంచి తీసుకున్నవే, లేదా దాని సహజమైన పొడిగింపులే. కానీ కార్మాక్ రాసిన యంత్రాంగం ఎంత వేగంగా కదులుతోందంటే, పరిగెత్తి కాల్చడంలో ఉన్న ఉత్సాహాన్ని ఈ ఆగి వెతకడాలు చెడగొడుతున్నాయని వాళ్లకే అనిపించింది. ఒక్కొక్కటీ తీసేశారు. ఊరికే పేరు వాడుకుందామనుకున్నవాడు జేబులు వెతకడాన్ని ప్రోగ్రామ్ చేసి, ఆ తర్వాత తీసేయడానికి కష్టపడడు. పాత ఆటను నిజంగా మళ్లీ కట్టాలని కూర్చున్నవాడే ఆ పని చేస్తాడు.

తీసేసినా అన్నీ పూర్తిగా పోలేదు. ఐడీ సంస్థ 1995లో ఈ ఆట సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, బహిరంగపరిచింది. బోర్లాండ్ కంపైలర్‌తో దాన్ని కట్టి, వరుసగా చదువుకుంటూ పోయినప్పుడు నాకు మూడు చోట్ల ఆ పాత కోట కనబడింది. ఒకటి, సైనికుడు మిమ్మల్ని ఇంకా గమనించని స్థితిలో ఉండగా మీరు అతన్ని కొడితే, తగిలే దెబ్బను రెట్టింపు చేసే ఒక్క వరుస కోడ్ అందులో ఉంది. ఆడేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, ఎందుకంటే ఎదురుగా వెళ్లి పేల్చుకుంటూ పోయే ఆటలో అది అరుదుగా అక్కరకొస్తుంది. రెండు, తుపాకీ చప్పుడు ఎంత దూరం వినబడాలన్నది దూరాన్ని బట్టి కాకుండా గదులను బట్టి లెక్కిస్తారు: తలుపు మూసి ఉంటే పక్క గదిలోని కాపలావాడికి వినబడదు, తెరిచి ఉంటే వినబడుతుంది. ఒక్కో గదిని ఒక్కో లోకంగా చూసిన 1981 నాటి పద్ధతికి ఇది చాలా దగ్గరగా ఉంది. మూడోది నాకు బాగా నచ్చింది. మామూలు కాపలావాడు మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు మోగించే శబ్దానికి కోడ్‌లో పెట్టిన పేరు "హాల్ట్". సౌండ్ కార్డు లేని యంత్రం మీద నేను పదేళ్లు వినలేకపోయిన కేక అదే.

జేబులు వెతకడం కూడా ఒక రకంగా మిగిలే ఉంది. చచ్చిన సైనికుడు పడినచోట తూటాల కట్ట ఒకటి నేలమీద కనబడుతుంది, దాని మీదుగా నడిస్తే చాలు అది మీదవుతుంది. పాత ఆటలో ఆగి, మీట నొక్కి, వెతికి తీసుకున్నదాన్ని ఇక్కడ పరుగు ఆపకుండా తీసుకుంటున్నారు. అలాగే మూడో భాగంలో హిట్లర్‌ను చంపడం ఉంది. 1984 నాటి కొనసాగింపులో అదే లక్ష్యం, కాకపోతే అక్కడ బ్రీఫ్‌కేసులో బాంబు పెట్టి వచ్చేయాలి, ఇక్కడ యంత్ర కవచం తొడుక్కున్న హిట్లర్‌తో ఎదురుబొదురు కాల్పులు. 1944 జూలై 20న హిట్లర్ సమావేశ గదిలో నిజంగానే బ్రీఫ్‌కేసు బాంబు పేలిన సంఘటనకు దగ్గరగా ఉన్నది పాత ఆటే అని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక యంత్రాంగం వంశం. ఆడేవాడి కళ్లతోనే లోకాన్ని చూపించే ఆటలు 1970ల మొదట్లోనే పుట్టాయి. నాసా ఏమ్స్ కేంద్రంలో యువకులు రాసిన మేజ్ వార్, ప్లేటో మీద 1974లో వచ్చిన స్పాసిమ్ అందులో ముఖ్యమైనవి. అందుకే వుల్ఫెన్‌స్టీన్ త్రీడీని ఈ జాతిలో మొట్టమొదటిదని ఎవరైనా రాస్తే ఒప్పుకోవద్దు. ఐడీ బృందం సొంత మెట్లు ఇవి: 1991 ఏప్రిల్‌లో హోవర్‌ట్యాంక్ త్రీడీ, అందులో గోడలకు ఒట్టి రంగులే, అదే ఏడాది నవంబరులో కాటకోంబ్ త్రీడీ, అందులో గోడల మీద రాళ్లు, నాచు వంటి బొమ్మలు అతికించారు, కానీ పదహారు రంగులే, ఆపైన వుల్ఫెన్‌స్టీన్ త్రీడీ, వీజీఏ కార్డు మీద 256 రంగులతో. తెరమీది ఒక్కో నిలువు గీతకు ఒక్కో కిరణాన్ని పంపి, అది ఏ గోడకు ఎంత దూరంలో తగిలిందో చూసి, ఆ దూరాన్ని బట్టి గోడ ఎత్తు గీస్తారు. గోడలన్నీ ఒకే ఎత్తు, మూలలన్నీ తొంభై డిగ్రీలు, నేలకూ కప్పుకూ బొమ్మలు లేవు. ఇన్ని వదులుకున్నందుకే అది 286 యంత్రం మీద కూడా పరిగెత్తింది.

తేదీలు చూసి మోసపోవద్దని నేను ఎప్పుడూ చెప్పేది ఇక్కడే. గోడల మీద బొమ్మలు అతికించిన కాటకోంబ్ త్రీడీ 1991 నవంబరులో వచ్చింది. అదే పనిని ఇంకా గొప్పగా చేసిన అల్టిమా అండర్‌వరల్డ్ 1992 మార్చిలో వచ్చింది. విడుదల తేదీలు పక్కపక్కన పెట్టుకున్నవాళ్లు, ఐడీని చూసి అల్టిమా వాళ్లు నేర్చుకున్నారని తేల్చేస్తారు. జరిగింది తలకిందులు. అల్టిమా అండర్‌వరల్డ్ సంవత్సరాల తరబడి తయారీలో ఉంది. దాని రూపకర్త పాల్ న్యూరాత్ 1991లో ఫోనులో రొమెరోతో మాట్లాడుతూ ఈ పద్ధతి గురించి చెప్పారు, రొమెరో ఆ ముక్క కార్మాక్ చెవిన వేశారు. చిన్న ఆటను కొద్ది నెలల్లో ముగించగలిగిన బృందం, పెద్ద ఆట తీస్తున్న బృందం కన్నా ముందు బజారులోకి వచ్చిందంతే. ముందు వచ్చినదే మూలమనే లెక్క పనిచేయదు.

పోలికలు చూసి కూడా మోసపోకూడదు. ఆ పొరపాటు నేనే చేశాను. శత్రువుల కంటపడకుండా నక్కి నక్కి ఆడే మెటల్ గేర్ 1987లో జపాన్‌లో వచ్చింది. పైనుంచి కనిపించే గదులు, కాపలావాళ్ల చూపు, పట్టుబడకుండా తిరగడం చూసి, అది కాజిల్ వుల్ఫెన్‌స్టీన్ బిడ్డ అని నేను ఒకప్పుడు మిత్రుల దగ్గర ధీమాగా వాదించాను. ఆ తర్వాత నా పద్ధతినే దానికి పెట్టి చూసుకున్నాను. అతుకు ఏది, తీసేసిన అంశం ఏది, చేసినవారి చేతికి యాపిల్ టూ అందిన దారి ఏది అని అడిగితే నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు, పోలిక తప్ప. ఇద్దరికీ ఒకే ఇబ్బంది ఎదురైతే ఒకే ఉపాయం తోచవచ్చు. ఆ వాదన నేను వెనక్కి తీసుకున్నాను.

పేరు విషయంలో మాత్రం ఊహకు తావు లేదు, ఎందుకంటే డబ్బు చేతులు మారింది. మ్యూజ్ సంస్థ 1980ల రెండో సగంలోనే మూతపడింది. ఆ పేరు వాడుకునే హక్కు తమకు దొరకదేమోనన్న అనుమానంతో ఐడీ బృందం ప్రత్యామ్నాయ పేర్లు కూడా ఆలోచించి పెట్టుకుంది. వార్నర్‌ను సంప్రదిస్తే హక్కులు ఎప్పుడో అమ్ముడుపోయాయని తెలిసింది. చివరికి అవి మిషిగన్ రాష్ట్రంలో ఒకరి దగ్గర ఉన్నాయని తెలుసుకుని, 1992 ఏప్రిల్ మధ్యలో, అంటే విడుదలకు మూడు వారాల ముందు, సుమారు 5,000 డాలర్లకు కొనుక్కున్నారు. ఈ పేరు ఆ తర్వాత ఎన్ని కోట్లు తెచ్చిందో తెలిసినవారికి ఆ మొత్తం చూస్తే నవ్వొస్తుంది. 2001లో వచ్చిన ఆటకు రిటర్న్ టు కాజిల్ వుల్ఫెన్‌స్టీన్ అని పాత ఆట పేరును పూర్తిగా తిరిగి పెట్టారు, అందులో కొన్ని చోట్ల అలారం మోగకుండా నక్కి వెళ్లాల్సి ఉంటుంది. పదేళ్ల కింద తీసేసింది అలా దొడ్డిదారిన మళ్లీ వచ్చింది.

మీరే స్వయంగా పోల్చి చూసుకోవాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు చెబుతాను. యాపిల్ టూ రూపాన్నే చూడండి. ఈ ఆట అటారీ, కమడోర్ 64, ఐబీఎం పీసీల మీదికి కూడా వచ్చింది కానీ, రొమెరో తరం చూసిన రూపం మొదటిదే. వేరే యంత్రం మీది రూపం చూసి రంగులనో శబ్దాలనో పోలిస్తే తేడా వచ్చేస్తుంది. యాపిల్‌విన్ లాంటి ఎమ్యులేటర్ సరిపోతుంది, వేగాన్ని మాత్రం అసలు యంత్రం వేగానికే ఉంచండి. పెంచితే గొంతులు పిచ్చుకల కిచకిచల్లా మారిపోతాయి. కీబోర్డుతో ఆడేటప్పుడు నడవడానికి ఎడమ చేతి వైపు ఒక మీటల గుంపు, గురిపెట్టడానికి కుడి చేతి వైపు మరో గుంపు ఉంటాయి. నడక ఒక చేతికి, గురి మరో చేతికి ఇచ్చిన ఆ పద్ధతి మొదట చిరాకు పెడుతుంది కానీ, ఇవాళ్టి షూటర్లలో కీబోర్డు ఒక చేతిలో, మౌస్ మరో చేతిలో పట్టుకునే అలవాటున్నవారికి తొందరగానే పట్టుబడుతుంది. చేతులు మారుతూ వచ్చిన డిస్కు ప్రతుల్లో కొన్నిటి మొదటి తెరలను, నకలు తీయకుండా పెట్టిన రక్షణను తెంచినవాళ్లు మార్చేశారు, వాటిని చూసి తేదీలు, పేర్లు రాసుకోవద్దు. నాజీలకు బదులు స్మర్ఫులనే నీలిరంగు కార్టూన్ బొమ్మలు ఎదురైతే కంగారు పడకండి; 1983లో అభిమానులు సరదాకు మార్చిన కాజిల్ స్మర్ఫెన్‌స్టీన్ మీ చేతికి వచ్చిందన్నమాట. ఇతరుల ఆటను ఇలా మార్చి పంచుకోవడంలో తొలినాటి ఉదాహరణల్లో అదొకటి కాబట్టి దాచి పెట్టుకోండి. వుల్ఫెన్‌స్టీన్ త్రీడీ వైపు, ఉచితంగా పంచడానికే విడుదల చేసిన మొదటి భాగం మీ అవసరానికి చాలు. దాని పేరే ఎస్కేప్ ఫ్రమ్ వుల్ఫెన్‌స్టీన్, అంటే కోటలోంచి తప్పించుకోవడం, 1981లో ఉన్న పనే. డాస్‌బాక్స్‌లో (పాత పీసీ ఆటలను నడిపించే ఎమ్యులేటర్‌లో) సౌండ్ బ్లాస్టర్ పనిచేసేలా చూసుకోండి. నా పదేళ్లు మీకు వద్దు.

మీ పెదనాన్నగారిని రెండు ప్రశ్నలు అడగండి, కానీ జవాబు ముందే అందించకండి. మొదటిది, కాపలావాళ్లు ఆపినప్పుడు ఏం చేసేవారు? పాసు చూపించేవాళ్లమని, ఒక్కోసారి లంచం ఇచ్చేవాళ్లమని అంటే ఆయన ఆడింది 1984 నాటి రెండో ఆట. పాసులు, లంచం, చప్పుడు కాకుండా చంపే బాకు దానిలోనే వచ్చాయి. పాసుల మాట ఎత్తకుండా, పెట్టెల దగ్గర అంకెలు తగ్గుతుంటే కాచుకుని నిలబడటం గురించి చెబితే 1981 నాటి ఆట వైపు మొగ్గండి. రెండోది, నడుస్తూ నడుస్తూ గోడకు గుద్దుకుంటే ఏమయ్యేది? ఆయన చెవులు మూసుకున్నట్టు చేసి నవ్వితే, ఇక మిమ్మల్ని నేను ఒప్పించనక్కర్లేదు.